అరకు శుక్రవారం సంత: ఏ టైముకి వెళ్లాలి, ఏం కొనాలి, అక్కడ ఎలా మెలగాలి?

దారిపట్టిన_మనిషి (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. నవంబర్ చివర్లో అమ్మానాన్నలని తీసుకుని అరకు వెళ్తున్నాం. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, చాపరాయి, వీటి గురించి ఎక్కడ వెతికినా దొరుకుతోంది కాబట్టి అడగను. నాకు కావాల్సింది శుక్రవారం జరిగే వారపు సంత గురించి. నాన్నది వ్యవసాయ కుటుంబం, ఆయనకి గుహల కంటే సంత మీదే ఎక్కువ ఆసక్తి, ఏం పండిస్తున్నారు, ఏం రేటు పలుకుతోంది, తూకం ఎలా వేస్తున్నారు అని. అమ్మ ఎక్కడికెళ్లినా బేరం చేయకుండా కొనదు, అది అక్కడ బాగుంటుందా లేదా అనేది నా టెన్షన్. శుక్రవారం పొద్దున విశాఖలో రైలెక్కితే సంత అందుతుందా, ముందు రోజే వెళ్లి ఉండాలా? ఫోన్‌పే నడుస్తుందా? ఫొటోలు తీస్తే ఏమైనా అనుకుంటారా? వెళ్లినవాళ్లు, అక్కడివాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

విశాఖ_పాతకాపు
ముందు రోజే వెళ్లండి. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడు లోపు విశాఖలో బయల్దేరుతుంది గానీ అరకు చేరేసరికి పదకొండు అవుతుంది, లేటయితే ఇంకా పైన. అప్పటికి సంత ఉంటుంది, సాయంత్రం దాకా ఉంటుంది, కానీ కొండల మీంచి దిగే సరుకు మొత్తం పొద్దున్నే వచ్చి సగానికి పైగా చేతులు మారిపోతుంది. పదకొండింటికి వెళ్తే మీకు కనబడేది ఎక్కువగా బట్టలు, ప్లాస్టిక్ సామాను, గిన్నెలు. ఆరున్నర ఏడింటికల్లా అక్కడ ఉంటే మీ నాన్నగారు చూడాలనుకున్నది చూడొచ్చు.

రైలు ప్రయాణం మాత్రం వదులుకోకండి. గురువారం ఆ రైలుకే వెళ్లి, బొర్రా, మ్యూజియం చూసుకుని, రాత్రి అరకులో పడుకుని, శుక్రవారం తెల్లవారుజామున సంతకి వెళ్తే సరిపోతుంది. ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో వేసిన లైను అది, యాభైకి పైగా సొరంగాలు, ఒకవైపు కొండ ఒకవైపు లోయ. అద్దాల పెట్టె విస్టాడోమ్ 2017లో మొదలైనప్పటి నుంచీ దానికి గిరాకీ ఎక్కువ, ముందే రిజర్వేషన్ చేయించండి. తిరుగు ప్రయాణం అనంతగిరి, ఎస్.కోట మీదుగా బస్సులోనో కారులోనో రండి, ఘాట్ రోడ్డు కూడా చూసినట్టుంటుంది. నవంబర్ చివర అంటే తెల్లారేసరికి చలి బాగా ఉంటుంది, పెద్దవాళ్లకి స్వెట్టరు, మఫ్లరు తప్పనిసరి.

కాఫీతోట (పాడేరు వైపు)
నేను ఏజెన్సీ పిల్లాడినే, భగత తెగవాళ్లం. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. మీరు ఎలా మెలగాలని అడిగినందుకు సంతోషం, ఎందుకంటే చాలామంది అడిగేది ఏం చూడాలి అని మాత్రమే.

సంత రోజు మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్తాను, అప్పుడు మీకే అర్థమవుతుంది. గురువారం సాయంత్రమే అమ్మ సరుకు సర్దుకునేది. చింతపండు గానీ పసుపు గానీ రాజ్మా గానీ, ఆ కాలానికి చేతికొచ్చింది ఏదైతే అది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు విడిగా. తెల్లారకముందే తలమీద గంపతో, పిల్ల ఉంటే వీపున కట్టుకుని, పక్క ఊరివాళ్లతో కలిసి నడక. రోడ్డు తగిలిన దగ్గర జీపు దొరికితే ఎక్కడం, అందులో లోపల ఎంతమందో పైన అంతమంది. ఇంటికి వారానికి కావాల్సిన ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, ఎండుచేపలు, సబ్బులు, బిళ్లలు, పిల్లల నోటు పుస్తకాలు, అన్నీ ఆ గంపలో సరుకు అమ్మితేనే. అంటే మా అమ్మ అమ్మేది పొద్దున, కొనేది మధ్యాహ్నం. తిరిగి జీపు బయల్దేరే టైముకి రెండూ అయిపోవాలి.

ఇక్కడ బేరం విషయం వస్తుంది. సంత దాకా రానివ్వకుండా దారిలోనే కాపు కాసి సరుకు దించుకునే వ్యాపారులు ఉన్నారు. ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని దాటుకుని వచ్చి కూర్చున్న మనిషికి పదకొండు దాటాక భయం మొదలవుతుంది, మళ్లీ మోసుకుపోలేదు కదా. అందుకే మధ్యాహ్నం రేటు పడిపోతుంది. బయటినుంచి వచ్చినవాళ్లు "మధ్యాహ్నం వెళ్లండి, సగం రేటుకే ఇచ్చేస్తారు" అని వీడియోల్లో సలహా ఇస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. ఆ సగం రేటు ఆ మనిషి ఇంటికి వెళ్లాల్సిన నూనె, ఉప్పు.

మీ అమ్మగారిని బేరం మానేయమని చెప్పను, మావాళ్లూ బట్టల కొట్టులో గంటసేపు బేరం ఆడతారు. కింద నుంచి లారీల్లో, వ్యాన్లలో సరుకు తెచ్చిన వ్యాపారి దగ్గర ఎంత కావాలంటే అంత ఆడండి. గోనె పరుచుకుని నాలుగు కుప్పలు పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర మాత్రం వద్దు. మావాళ్లు చాలావరకు కుప్పలుగా, డబ్బా కొలతతోనే అమ్ముతారు. కుప్ప ఇంత అని చెప్తారు, కావాలంటే తీసుకోండి, కొసరు అడగకుండానే పిడికెడు వేస్తారు.

చిల్లర తీసుకెళ్లండి. పది, ఇరవై నోట్లు బాగా ఉండాలి. కొట్లవాళ్ల దగ్గర ఫోన్‌పే స్కానర్లు ఉంటాయి, కింద కూర్చున్నవాళ్లలో చాలామంది దగ్గర ఉండవు, పైగా సంత రోజు జనం ఎక్కువై సిగ్నల్ ఆగిపోతుంటుంది. ఐదొందల నోటు ఇస్తే పాపం చిల్లర కోసం సరుకు వదిలి పరిగెత్తాలి.

కెమెరా_భుజాన
నేను ట్రావెల్ ఫొటోలు తీస్తుంటాను, అరకు, పాడేరు సంతలు రెండూ తీశాను (పాడేరు కూడా శుక్రవారమే, కాబట్టి ఒకే వారంలో రెండూ కుదరవు). నా అనుభవంలో ముందు ఏదో ఒకటి కొని, రెండు మాటలు మాట్లాడి, తర్వాత అడిగితే చాలామంది సరే అంటారు. పెద్దవయసు ఆడవాళ్లు కొందరు వద్దంటారు, అక్కడితో ఆపేయాలి. ఫొటోలు తీయడమే తప్పు అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. ఈ సంతల గురించి బయటివాళ్లకి తెలిసేదే ఫొటోల వల్ల, తెలిస్తేనే అక్కడి కాఫీకీ రాజ్మాకీ గిరాకీ వస్తుంది.

కాఫీతోట (పాడేరు వైపు)
తప్పని నేను అనలేదన్నా. అడిగి తీసేవాళ్లతో ఎవరికీ గొడవ లేదు. ముక్కుకి మూడు పోగులు పెట్టుకున్న అవ్వ ముఖంలోకి లెన్సు పెట్టి, ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నా నొక్కేసి, కింద పేరు లేకుండా "ఆదిమ జీవితం" అని రాసి పోస్టు చేసేవాళ్ల గురించి నా బాధ. ఆ అవ్వ మనవరాలు విశాఖలో నర్సింగ్ చదువుతుండొచ్చు, ఆ పోస్టు ఆ పిల్ల ఫోన్‌లోకీ వస్తుంది. ఇంకో విషయం, డబ్బులిచ్చి ఫొటో తీయొద్దు. పిల్లలు సరుకు వదిలేసి కెమెరాల వెంట పడటం అలవాటవుతోంది. మీరు తీసిన ఫొటో ప్రింటు వేసి మళ్లీ వెళ్లినప్పుడు ఇవ్వగలిగితే అంతకంటే మంచిపని లేదు. ఇంట్లో గోడకి పెట్టుకుంటారు.

కెమెరా_భుజాన
ప్రింట్లు ఇస్తున్నాను. మిగతాదానితో ఏకీభవిస్తున్నా.

విశ్రాంత_మాస్టారు (విజయనగరం)
హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో 1980లలో పనిచేశాను. అక్కడ సంత శనివారం. పిల్లల హాజరు శుక్ర, శనివారాల్లో పడిపోయేది, సంతకి తల్లిదండ్రులతో వెళ్లిపోయేవారు, మేమూ ఆపేవాళ్లం కాదు, ఆ చిన్న చేతులు మోస్తేనే ఆ ఇంటికి గడిచేది.

మీ నాన్నగారికి తూకం, రేటు మీద ఆసక్తి అన్నారు కాబట్టి కొంచెం వెనకటి సంగతి చెప్తాను. ఏజెన్సీకి మైదానం నుంచి పోవలసిన అతి ముఖ్యమైన సరుకు ఉప్పు. కొండల్లో అన్నీ దొరుకుతాయి, ఉప్పు దొరకదు. దాని తర్వాత ఎండుచేపలు, గుడ్డ. షావుకార్లు ఈ మూడూ పట్టుకెళ్లి వాటికి బదులు చింతపండు, కరక్కాయ, నల్లజీడి పిక్కలు, తేనె, పసుపు తెచ్చుకునేవారు. పేరుకి మారకం, అసలు వ్యాపారం అప్పు. వర్షాకాలంలో తిండిగింజలు అప్పిచ్చి, చింతపండు కాపుకి రాగానే చెట్టు మీదే రాయించుకోవడం. దీన్ని అడ్డుకోవడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు, మనం జీసీసీ అంటున్నది. అటవీ ఉత్పత్తులు కొనడం ఒకవైపు, డీఆర్ డిపోలనే తన కొట్ల ద్వారా నిత్యావసరాలు సరసమైన ధరకి ఇవ్వడం ఇంకోవైపు. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది. ఇవి లేకపోతే ఈరోజు అరకులో గిరిజనుల చేతిలో భూమే ఉండేది కాదని నా గట్టి నమ్మకం. జీసీసీ అన్ని సంతల్లో అన్ని సరుకులూ కొనలేకపోతోంది, డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే మళ్లీ షావుకారే దిక్కు, ఆ లోపం ఉన్న మాట నిజం. అయినా జీసీసీ ఫలానా సరుకుకి ఇంత ఇస్తోందని బోర్డు మీద ఉంటే, బయటి వ్యాపారి మరీ కిందకి దిగలేడు. సంతకి వెళ్లే ముందు ఆ కొనుగోలు ధరల పట్టిక ఎక్కడైనా కనబడితే మీ నాన్నగారికి చూపించండి, సంత మొత్తం ఆయనకి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇంకొకటి. సంతలో కూర్చున్న ప్రతి మనిషి దగ్గరా ఆశీలు, అంటే సంత రుసుము, వసూలు చేస్తారు. సంతని వేలం పాట పాడుకున్నవాడు చీటీ చించి ఇస్తాడు, కొన్నిచోట్ల చీటీ కూడా ఇవ్వడు. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఇచ్చింది. ఆ అధికారం నిజంగా అమలైతే, తలగంపతో వచ్చిన ఆడమనిషి దగ్గర ఆశీలు తీసుకోవాలా వద్దా అన్నది ఆ ఊరివాళ్లే తేల్చుకుంటారు. వద్దనే తేలుస్తారని నేననుకుంటాను.

గోదారి_గట్టు
మాస్టారూ, ఆశీలు సంగతి చెప్పి మంచిపని చేశారు, మా గోదావరి జిల్లా సంతల్లో కూడా ఇదే రభస.

ఏం కొనాలి అని అడిగారు కదా. కాలాన్ని బట్టి సరుకు పూర్తిగా మారిపోతుంది, కాబట్టి ఎవరో జూన్‌లో చూసింది మీకు నవంబర్‌లో దొరకదు. వానాకాలంలో వెదురు కొమ్ములు, రకరకాల పుట్టగొడుగులు, అనాస పళ్లు. ఎండల్లో పనస, చింతపండు, అడ్డపిక్కలు. చలి వెళ్లే ముందు కొండచీపుర్లు, ఇంట్లో వాడే చీపురు అక్కడ కొంటే ఎన్నాళ్లొస్తుందో చెప్పలేను. మీరు వెళ్లే టైముకి కొత్త రాజ్మా వస్తుంది, అది తప్పకుండా తీసుకోండి, సూపర్ మార్కెట్ రాజ్మా రెండు విజిల్స్ ఎక్కువ పెట్టినా ఉడకదు, ఇది త్వరగా ఉడుకుతుంది, రుచి కూడా వేరు. అల్లం, చామదుంపలు, సామలు, చోళ్లు (రాగులు) ఉంటాయి. దారి పొడవునా పొలాల్లో పసుపు పచ్చగా వలిసె పూలు విరగబూసి ఉంటాయి, సంతలో వలిసెలు నూనె గింజగా అమ్ముతారు. పిప్పళ్లు, మోడి (పిప్పలి వేరు) దొరికితే ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్నవాళ్లు తెచ్చుకుంటారు. పసుపు కొత్త పంట మాత్రం ఎండాకాలం ముందు వస్తుంది, నవంబర్‌లో దొరికేది పాతది.

బెంగళూరు_తెలుగమ్మాయి
తేనె, కాఫీ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను.

తేనె సంతలోనూ రోడ్డు పక్కనా సీసాల్లో అమ్ముతారు, పక్కన తేనెపట్టు ముక్క పెట్టి మరీ. అడవి నుంచి నేరుగా తెచ్చినవాళ్లు ఉంటారు, పాకం కలిపేవాళ్లూ ఉంటారు. నీళ్లలో వేస్తే మునిగింది, కాగితం తడవలేదు, అగ్గిపుల్ల వెలిగింది, ఇలాంటి పరీక్షలేవీ కల్తీని పట్టివ్వవు. తెలిసినవాళ్లు చూపిస్తే తప్ప జీసీసీ షాపులోనే కొనండి, పెద్ద తేడా ఉండదు ధరలో.

కాఫీ విషయానికొస్తే, సంతలో రైతులు అమ్మేది ఎండబెట్టిన పండు లేదా పొరతో ఉన్న గింజ, అది మనకి పనికిరాదు. మనం కొనే పొడి షాపుల్లో ఉంటుంది. చికోరీ ఎంత శాతం అని కచ్చితంగా అడగండి, చెప్పకపోతే కొనొద్దు. అరకు లోయ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఆ పేరు చూసి ఎక్కడెక్కడి పొడో "అరకు కాఫీ" కవర్లలో వేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. నవంబర్ చివర అంటే తోటల్లో పండు కోత నడుస్తుంటుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగ, రెండూ ఒకేచోట. ఎవరినైనా అడిగితే తోటలోకి తీసుకెళ్తారు. అమ్మానాన్నలకి నచ్చుతుంది.

ఆడవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. సంత దగ్గర మరుగుదొడ్డి మీద ఆశ పెట్టుకోకండి, గదిలోనే అన్నీ చూసుకుని బయల్దేరండి. పొద్దున్నించీ అక్కడే కూర్చునే వందలమంది ఆడవాళ్లకి ఆ ఏర్పాటు లేకపోవడం చాలా అన్యాయం, టూరిజానికి ఖర్చుపెట్టే డబ్బులో మొదటి రూపాయి దానికి వెళ్లాలి. దోమలకి రాసుకునే క్రీము తీసుకెళ్లండి, ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది.

సంత_పక్క_ఇల్లు (అరకు)
నేను అరకులో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటున్నాను. కాఫీతోట తమ్ముడు చెప్పినదాంట్లో చాలావరకు నిజమే గానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. "చెప్పిన రేటు ఇచ్చేయండి" అని టూరిస్టులందరికీ చెప్తే నష్టపోయేది అక్కడ ఉండే మేము. డిసెంబర్, జనవరిలో శుక్రవారం సంతకి వెళ్లి చూడండి, నాటుకోడి రేటు వింటే కళ్లు తిరుగుతాయి. రిసార్టులవాళ్లు, బొంగు చికెన్ అమ్మేవాళ్లు పొద్దున్నే వచ్చి ఎంతంటే అంత పెట్టి తీసుకుపోతారు, వాళ్ల వెనకాల టూరిస్టులు. ఆదివారం కూర వండుకుందామనుకునే అంగన్‌వాడీ టీచరు, ఆర్టీసీ కండక్టరు, కూలీ చేసుకునే గిరిజన కుటుంబం, వీళ్లంతా ఖాళీ చేతులతో తిరిగొస్తారు. ధర పెరిగితే అమ్మినవాళ్లకి మంచిదే, కానీ సంతలో అమ్మే గిరిజనుడే మధ్యాహ్నం కొనేవాడు కూడా అని తమ్ముడే అన్నాడు కదా.

కాఫీతోట (పాడేరు వైపు)
అన్నా, మీ బాధ కరెక్టే, నేను కాదనను. కోళ్ల విషయంలో రిసార్టుల గిరాకీ వల్ల జరుగుతున్నది నాకూ తెలుసు. కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. కోడిని పెంచి తెచ్చిన ఇంటికి అది సంవత్సరంలో చేతికొచ్చే కొద్దిపాటి రొక్కం, దానికి మంచి ధర పలికితే ఆ ఇంట్లో పండగ. మా ఊళ్లో ఇటుకల పండగ (మా గిరిజనుల వేట పండగ) ఖర్చు కోళ్ల మీదే వెళ్లదీసేవాళ్లు. ధర తగ్గాలంటే టూరిస్టు బేరం ఆడటం దారి కాదు, కోళ్లు పెంచేవాళ్లు పెరగాలి, పిల్లలు చచ్చిపోకుండా టీకాలు వేసే పశువైద్యుడు ఊళ్లకి రావాలి. టూరిస్టులు తమకు వండుకునే వీలులేని సరుకు జోలికి వెళ్లకుండా, మోసుకెళ్లగలిగే రాజ్మా, పసుపు, మిరియాలు, సామలు కొనుక్కుంటే మీకూ ఇబ్బంది ఉండదు, మావాళ్లకీ నాలుగు డబ్బులు.

సంత_పక్క_ఇల్లు (అరకు)
ఆ చివరి మాట బాగుంది. కోళ్ల మీద మాత్రం నా మాట మీద నేనుంటాను.

ఆదిలాబాద్_అడవి
ఈ చర్చ చదువుతుంటే మా ఇంద్రవెల్లి గుర్తొచ్చింది. మా దగ్గర సంత సోమవారం. 1981 ఏప్రిల్ 20న కూడా సోమవారమే. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది, అనుమతి లేదన్నారు, సంతకి వచ్చిన గోండులు, సభకి వచ్చినవాళ్లు ఎవరెవరో తెలియకుండా కలిసిపోయారు, పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13 మంది, పౌరహక్కుల వాళ్లు అంతకంటే చాలా ఎక్కువ అన్నారు. ఇప్పుడక్కడ స్తూపం ఉంది. అప్పు, తూకం, భూమి, పైన మాస్టారు చెప్పినవే అక్కడా గొడవలు. ఏజెన్సీలో వారపు సంత అంటే కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న ఊళ్లన్నీ వారానికొకసారి ఒకచోట చేరే జాగా. పెళ్లి మాటలు అక్కడే, కబుర్లు అక్కడే, పోరాటం మాట కూడా అక్కడే పుట్టింది. మా వైపు వస్తే ఆ స్తూపం చూసి వెళ్లండి.

దారిపట్టిన_మనిషి (హైదరాబాద్)
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. అమ్మకి కాఫీతోట గారి పోస్టు చదివి వినిపించాను, "అలాంటి మనిషి దగ్గర నేనెందుకు బేరమాడతాను" అంది. ఇంకో రెండు ప్రశ్నలు. పొద్దున్నే వెళ్తే టిఫిన్ అక్కడే దొరుకుతుందా? ఒడిశా వైపు కూడా పెద్ద సంతలున్నాయని విన్నాను, అవి ఇక్కడ నుంచి వెళ్లేలా ఉంటాయా?

విశాఖ_పాతకాపు
టిఫిన్‌కి లోటుండదు. బజ్జీలు, పకోడీలు, పూరీలు పెద్ద పెద్ద మూకుళ్లలో వేస్తుంటారు, వేడిగా ఉన్నది తినండి. చోడి అంబలి దొరికితే తాగండి, ఆ చలిలో కొండెక్కి దిగేవాళ్లకి అది ఎందుకు తిండో తెలుస్తుంది. సంత చివర్లో జీలుగు కల్లు ఉంటుంది, నాన్నగారికి అలవాటుంటే ఆయన ఇష్టం, డ్రైవరుకి మాత్రం వద్దు, ఘాట్ రోడ్డు ముందుంది.

కెమెరా_భుజాన
ఒడిశాలో కోరాపుట్ దగ్గర కుందులి సంత చాలా పెద్దది, కూరగాయలు, పశువులు. కానీ అది కూడా శుక్రవారమే, అరకుతో కలిసి కుదరదు. గురువారం ఒనుకుడెల్లి సంత ఉంది, మాచ్‌ఖండ్ దగ్గర, బోండా తెగవాళ్లు కొండ దిగొచ్చే సంత. అక్కడికి చాలామంది కెమెరాలతోనే వెళ్తారు, అందుకే ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. బోండా ఆడవాళ్లని చూడ్డానికే వెళ్లేవాళ్ల గుంపులో అమ్మానాన్నలతో మీరు నిలబడాల్సిన పనిలేదు. నేను ఫొటోలు తీసేవాణ్ణే అయినా అక్కడికి వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను.

దారిపట్టిన_మనిషి (హైదరాబాద్)
వెళ్లొచ్చాం. కాస్త పెద్ద పోస్టే.

ఆరున్నరకి వెళ్లేసరికి మంచు ఇంకా కదల్లేదు. రోడ్డు మీద జీపులు ఆగుతున్నాయి, పైనుంచి మూటలు దించుతున్నారు, మూట నేల తాకకముందే ఇద్దరు ముగ్గురు దాని మీద చెయ్యి వేసేస్తున్నారు. కాఫీతోట గారు చెప్పిన దారికాపు ఇదేనని నాన్న గుర్తుపట్టాడు. ఒకావిడ మూట గట్టిగా పట్టుకుని ఇవ్వనని లాక్కుని లోపలికి వెళ్లిపోయింది, నాన్న ఆవిడ వెనకాలే వెళ్లి ఎక్కడ కూర్చుందో చూసుకుని తర్వాత రాజ్మా మొత్తం ఆవిడ దగ్గరే కొన్నాడు.

లోపల ఒక వరసంతా ఎండుచేపలే. సముద్రం నుంచి అంత దూరం కొండమీద అన్ని రకాల ఎండుచేపలు ఉంటాయని మేమనుకోలేదు, మాస్టారు చెప్పినట్టు అక్కడ అందరికంటే ఎక్కువ జనం ఆ వరసలోనూ ఉప్పు, ఉల్లిపాయల దగ్గరే. కొండ సరుకు కూర్చున్న చోటు అంతకంటే చాలా చిన్నది. ఫొటోల్లో ఎప్పుడూ ఆ చిన్న వరసే కనబడుతుంది. నాకు మాత్రం రెండు వైపులా చూశాకే సంత అర్థమైంది, ఇటు అమ్మిన చేతులే అటు కొంటున్నాయి.

నాన్న తూకాల దగ్గర గంటకు పైగా ఉన్నాడు. వ్యాపారుల దగ్గర ఎలక్ట్రానిక్ కాటాలే ఉన్నాయి, కానీ అంకెలు కనబడేవైపు వ్యాపారి వైపే తిరిగి ఉంటోంది. చాలాచోట్ల అదే చూశాం. ఒక కుర్రాడు, కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు, వాళ్లమ్మ సరుకు తూస్తుంటే కాటా తనవైపు తిప్పమని అడిగి తిప్పించాడు. నాన్నకి ఆ రోజు అన్నిటికంటే నచ్చింది అదే, దారంతా ఆ పిల్లాడి గురించే మాట్లాడాడు.

అమ్మ ఒక పెద్దావిడ దగ్గర సామలు కొంటూ అన్నం ఎలా వండాలని అడిగింది. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒరియా మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగే. ఎసట్లో నీళ్లెంత, ఎప్పుడు దించాలి, గంజి వార్చాలా వద్దా, ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఫొటో నేను అడగలేదు, అమ్మే ఆవిడని అడిగింది, ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది. ప్రింటు వేయించాను, పంపే దారి ఏదైనా ఉంటే కాఫీతోట గారు చెప్పాలి.

డబ్బు విషయం: కింద కూర్చున్నవాళ్లలో ఫోన్‌పే ఉన్నవాళ్లు కొందరు కనిపించారు, ఎక్కువగా పిల్లల నంబర్లు. కానీ సిగ్నల్ నిజంగానే పోయింది. చిల్లర నోట్లే పనికొచ్చాయి. ఆశీలు వసూలు కూడా చూశాం, చీటీ ఇస్తున్నాడు.

కాఫీతోట (పాడేరు వైపు)
కాటా తిప్పమన్న పిల్లాడి సంగతి చదివి చాలా ఆనందమేసింది. మా తరంలో అడిగేవాళ్లం కాదు, నోరు పెగిలేది కాదు. ఫొటో వెనకాల ఊరి పేరు రాశారా? ఊరి పేరు తెలిస్తే చాలు, శుక్రవారం సంతకి ఆ ఊరి జీపు తప్పకుండా వస్తుంది, డ్రైవరు చేతికిస్తే చేరిపోతుంది. ప్రింటు నేను మెసేజ్‌లో చెప్పే అడ్రస్‌కి పంపండి, వచ్చేవారం నేనే ఇంటికి వెళ్తున్నాను.

దారిపట్టిన_మనిషి (హైదరాబాద్)
ఊరి పేరు అమ్మ రాసుకుంది. రేపే పంపిస్తాను.

శ్రీకాకుళం_చిన్నోడు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. అరకు వరకు వెళ్లలేనివాళ్లు, జనం తక్కువ ఉండే సంత చూడాలనుకునేవాళ్లు సీతంపేట రండి, సోమవారం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవర గిరిజనులు పండించిన అనాస, పసుపు, సీతాఫలం, కొండచీపుర్లు, జీడిపిక్కలు వస్తాయి. పాలకొండ నుంచి బస్సులు, ఆటోలు ఉన్నాయి. అనాస కోసమైతే జూన్, జూలైలో రండి, కొండ మీంచి కావిళ్లతో దింపుతుంటారు.

బెంగళూరు_తెలుగమ్మాయి
జూలైలో ఊరొస్తున్నాను. పాలకొండలో రాత్రి ఉండటానికి లాడ్జీలు బాగుంటాయా, శ్రీకాకుళంలోనే ఉండి తెల్లవారుజామున బయల్దేరడం మంచిదా?

శ్రీకాకుళం_చిన్నోడు
కుటుంబంతో అయితే శ్రీకాకుళంలో ఉండండి అక్కా, లాడ్జీలు మెరుగ్గా ఉంటాయి. ఐదింటికల్లా కారులో బయల్దేరితే పొద్దున్నే చేరిపోతారు. వానలు గట్టిగా పడుతుంటే ముందు రోజు ఇక్కడ అడగండి, కొండ దారులు తెగితే సవర ఊళ్లవాళ్లు దిగరు, సంత పలచగా ఉంటుంది, అలాంటప్పుడు ఆ మరుసటి వారం పెట్టుకోండి.